గ్లాసు తొణక్కూడదు

"ముందుకు పొమ్మంటే ఎనుకకు వోతదేంది దీని తల్లి!"

మల్లేశం బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. మూడో ఇంజను బిగించిన బుల్లి ట్రాక్టర్ తాపీగా వెనక్కి నడిచి, ఖర్జూరపు చెట్టుకు వీపు ఆనించి ఆగింది.

గట్టు మీద కూర్చున్న ఖాదర్ మొహిద్దీన్ కడుపు పట్టుకుని నవ్వాడు. "బాగుండాదప్పా నీ బండి! ఇట్లే పోనిస్తే మీ కరీంనగర్ దాకా ఎనిక్కెనక్కే పోవచ్చు."

"నవ్వు భాయ్, నవ్వు. నీకేం వోయింది?"

నిజమే, పోయేదేదైనా మల్లేశానిదే. సౌదీలోని ఖతీఫ్‌లో ముసలి అబూ మెహదీ ఖర్జూరపు తోటకు ఉన్నది వీళ్ళిద్దరే పనివాళ్ళు. కడప ఖాదర్ నిరుడే ఊరికి పోయి వచ్చాడు. మల్లేశం మాత్రం తను వచ్చాక పుట్టిన కూతుర్ని ఫోటోలో తప్ప చూడలేదు. ఆ పిల్ల పుట్టువెంట్రుకలు మూడో ఏడు నిండేలోగా వేములవాడ రాజన్నకు ఇవ్వాలి. తప్పితే అయిదో ఏడు దాకా ఆగాలి. తండ్రి ఒళ్ళో కూర్చోకుండా కత్తెర పడనిచ్చేది లేదని భార్య ముత్యవ్వ పట్టు. మూడో ఏడు నిండడానికి ఇక నెల కూడా లేదు.

జనవరిలోనే పోవాల్సింది. ఇంతలో కువైట్ కోసం యుద్ధమొచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇప్పుడు యుద్ధం అయిపోయింది, విమానాలు తిరుగుతున్నాయి. కానీ పాస్‌పోర్టు అబూ మెహదీ బీరువాలో ఉంది. ఆయనేమో ఒకటే మాట: "చెట్ల వరసల మధ్య దూరే చిన్న ట్రాక్టర్ చేసి చూపించు. మర్నాడే నీకు చుట్టీ, ఊరికి పోదువు."

చేసి చూపించడానికి మల్లేశం వెనకాడే మనిషి కాదు. ఆ పరీక్షతోనే చచ్చే చావొచ్చింది. ట్రాలీలో నిండు గ్లాసు నీళ్ళు పెట్టి తోటంతా తిప్పాలి. చుక్క ఒలికితే ఖలాస్, ఇంజను మార్చాలి!

మొదట బోరు పంపు డీజిల్ ఇంజను బిగించాడు. దున్నితే సాలు మోకాలి లోతు పడింది. అబూ మెహదీ సాలు వంక చూడనైనా చూడలేదు. ఎగిరి కిందపడ్డ గ్లాసునే చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోసారి మోటార్ సైకిల్ ఇంజను. ఈసారి ముసలాయన చెవులు మూసుకున్నాడు.

"ఇంత చప్పుడైతే తలనొప్పి పుట్టదూ?"

"ఎవలికి బాబా? చెట్లకా?"

ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కరెంటు పోతుందన్న భయంతో యుద్ధంలో జనం కొన్న జనరేటర్లన్నీ ఇప్పుడు దమ్మాం పాతసామాన్ల బజారులో గుట్టలు పడి ఉన్నాయి. ఒకదాన్ని ఆయనే స్వయంగా కొనుక్కొచ్చి పడేశాడు. దాని ఇంజను తిరిగే దిక్కే వేరు. అందుకే బండి ఇలా వెనక్కి నడుస్తోంది.

"నాకు చుట్టీ ఇయ్యద్దనే గీ నాటకం," అన్నాడు మల్లేశం కళ్ళనీళ్ళతో. "పెంట తోలే ట్రాలీల గ్లాసెందుకు భాయ్?"

"అట్లనొద్దప్పా. సైరన్ మోగిన ప్రతిసారీ మనిద్దర్నీ షెల్టర్లోకి తోలినోడు. తానొచ్చినాడా? కొడుకులు జెద్దాకు రమ్మని ఏడ్చినా కదల్లేదే!"

"తోటంటే గంత పిచ్చా?"

"ఏమో. ఇంటి సంగతులు వీళ్ళు చెప్పరు, మనం అడగరాదు."

మల్లేశం ముక్కు చీదుకుని మళ్ళీ పానా అందుకున్నాడు. ఇంజనును ఇటుది అటు తిప్పి బిగించాడు. పాత టైర్లు కోసి ఇంజను కింద, ట్రాలీ కింద మెత్తలు వేశాడు. రెండు రోజులు అన్నం కూడా తోటలోనే తిన్నాడు. మూడో రోజు గ్లాసు నింపి, లోపల రాజన్నకు మొక్కుకుంటూ తోటంతా తిప్పాడు.

చుక్క ఒలకలేదు.

అబూ మెహదీ గ్లాసు చేతిలోకి తీసుకుని, దాని అడుగు తడిసిందేమోనని వేలితో తడిమి చూశాడు. తర్వాత మల్లేశం తల దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. సాయంత్రానికల్లా పాస్‌పోర్టు, సంతకం పెట్టిన చుట్టీ కాగితం చేతికొచ్చాయి.

"ముసలోడు మంచోడే," అని మల్లేశం అప్పటికప్పుడు మాట మార్చేశాడు.

మర్నాడు పొద్దున్నే అట్టపెట్టెకు తాడు కడుతుంటే తోటలో ఇంజను చప్పుడు వినిపించింది. మల్లేశం ఆగలేకపోయాడు.

"అప్పుడే పెంట తోలుతుండా? నా బండి ఎట్ల గుంజుతదో ఒక్కసారి సూసి పోత భాయ్!"

ఇద్దరూ పరుగెత్తారు. కువైట్‌లో తగలబడుతున్న నూనె బావుల పొగ ఆ రోజు లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. ఖర్జూరాలు పూత మీద ఉన్నాయి. ఉతికిన తెల్లటి పొడుగాటి తోబ్ వేసుకుని, అబూ మెహదీ చెట్ల మధ్య ట్రాక్టర్‌ను నడకకన్నా నెమ్మదిగా తోలుకొస్తున్నాడు. ప్రతి చెట్టు దగ్గరా ఆపి, వెనక్కి తిరిగి ఏదో చెబుతున్నాడు. వీళ్ళను చూసి అక్కడే ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

ట్రాలీలో, పదేళ్ళుగా మంచం దిగని ఆయన భార్య పడుకుని తోట చూస్తోంది.