నీలం రాని పెరుగు

గంగామణి శాలువా కప్పుకుని, పెరుగులో ముంచిన కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. రోజూ నీలంగా మారే కాగితం ఇవాళ తెల్లగానే ఉంది. పెరుగు మాత్రం గట్టిగా తోడుకుంది.

పప్పును ఒంటికి పట్టించే ప్రొటీన్ ఒకటి ఆమె కూతురు సుజలలో తయారు కాదు. దాని జన్యువు పుట్టుకతోనే చెడిపోయింది. అలాంటి వాళ్లందరికీ ఇప్పుడు ఆ జన్యువును సూక్ష్మజీవుల్లో పెట్టిన పెరుగు తోడు ఇస్తున్నారు. పెరుగులో ఆ ప్రొటీన్ ఉంటేనే కాగితం నీలంగా మారుతుంది. ఆ పెరుగు లేకుండా పప్పు తింటే సుజలకు మూర్ఛ వస్తుంది. పదిహేడేళ్లుగా ఒక్క రోజూ తప్పకుండా గంగామణి తోడేస్తూనే ఉంది.

తోడు ఇచ్చే కేంద్రంలో పనిచేసే సబిత, గంగామణి తీసుకెళ్లిన గిన్నె చూసింది.

"ఇండ్ల వేరే తోడు ఏమన్న కలిపినవా అక్కా?"

"చలికి తోడుకుంటలేదని పక్కింటి లసుంబాయి తాన చెంచెడు తెచ్చి ఏసిన. జల్ది తోడుకుంది."

"తోడుకుంటది. ఆమె పెరుగుల పురుగులకు పెరుగుడొక్కటే పని. మనయి సుజల కోసం ప్రొటీన్ గూడ చెయ్యాలె. ఆ పనితోని అలిసి ఎనకవడ్తయి. పని లేనియే గిన్నెంత నిండుతయి."

గంగామణి కొత్త తోడు డబ్బీ అందుకుంది.

"అవి గూడ అలుస్తయా?" అంది.

ఇంటికొచ్చి సుజలకు ఆ పూట పప్పు పెట్టకుండా గంజి పోసి, పాలు కాచి తోడేసింది. రోజూ గోనెసంచి చుట్టే గిన్నెకు ఈసారి తన శాలువా తీసి చుట్టింది.