లొంగని చుక్క

ఈసారీ గ్రాఫ్ మీది గీత ఆ చుక్కను తప్పించుకుని పక్కనుంచి పోయింది. కోడలు కంప్యూటర్ ముందు తల పట్టుకుంది.

నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్లు పరమాణువు కేంద్రకానికి తగిలి ఏ వైపుకి ఎన్ని చెదురుతాయో ముందే చెప్పాలి. అదీ ఆమె పరిశోధన. ఎప్పుడో ఈ ఊరి ప్రయోగశాలలోనే కొలిచిన కొలతలు గ్రాఫ్ మీద చుక్కలుగా ఉన్నాయి. ఆమె లెక్క గీసిన గీత అన్నిటి మీదుగా బుద్ధిగా నడుస్తుంది. ఆ ఒక్కదాని దగ్గర మాత్రం ససేమిరా అంటుంది.

గైడుకి ఆ ఒక్కటే కావాలి. "మిగతావి అందరికీ కుదిరాయమ్మా. ఇది కుదిరితేనే థీసిస్ మీద సంతకం" అన్నాడు. గడువు ఈ సాయంత్రంతో సరి. ఇక పొడిగించరు. డిగ్రీ చేజారితే రాబోయే ఉద్యోగమూ చేజారినట్టే.

"నా మొహం ఎప్పుడైనా ఇంత దీక్షగా చూశావా?" అన్నాడు భర్త, టీ కప్పు పక్కన పెడుతూ.

ఆమె కప్పు వైపు కూడా చూడలేదు.

గుమ్మంలో మామగారు నిలబడ్డారు. ప్రయోగాలు చేసి చేసి తల పండిన మనిషి. రిటైరైనా, ప్రయోగశాలకి వెళ్తే ఇప్పటికీ అందరూ లేచి నిలబడతారు.

"ఆ చుక్కని వదిలేయమ్మా. కొలతలన్నాక పొరపాట్లుంటాయి."

"ఎలా వదలను మామయ్యా? పుస్తకాలన్నిట్లోనూ ఉంది. తప్పు నా లెక్కలోనే ఉంది."

"అది కాదమ్మా..."

"మీకు దణ్ణం పెడతాను, కాసేపు నన్ను వదిలేయండి."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఆమె తెగించింది. లెక్కలో కేంద్రకాన్ని సాగదీసింది. అంచులు పలచన చేసింది. అదీ చాలక, ఎవరూ ఎరగని కొత్త బలాన్నొకదాన్ని తెచ్చి అందులో కూరింది. పాపం కేంద్రకం, కాదనలేకపోయింది. మధ్యాహ్నానికి గీత వంగి, సరిగ్గా ఆ చుక్క మీదుగా పోయింది.

సాయంత్రం కాగితం పట్టుకుని హాల్లోకి పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, దొరికింది! ఇన్నేళ్ళుగా ఎవరికీ దొరకనిది నాకు దొరికింది!"

ఆయన కాగితం అందుకున్నారు. గీత వెంట వేలు నడిపి, ఆ చుక్క దగ్గర ఆపారు. మెచ్చుకుంటున్నారనుకుంది.

"మీ గైడుకి చూపించావా?"

"సంతకం పెట్టేశారు! కొత్త బలం కనిపెట్టానని అందరికీ చెప్పుకుంటున్నారు కూడా."

ఆయన కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"ఆ కొలతలు నేను తీసిన రోజు యంత్రం మొరాయించిందమ్మా, ఆ చుక్క నేను ఊహించి పెట్టింది."