చక్రాలతో పనిలేని కారు

ఆ ఏటి ఎండలకు కరెంటు తెల్లవారుజామున ఒకసారి ముఖం చూపించి పోయేది. ఆ కాస్తలోనే జనం పాత ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగు ఎక్కించుకొని, రోజంతా వాటితోనే ఇల్లు నడుపుకునేవారు. సారక్కకు కారు లేదు. ఇన్నాళ్లూ తమ కారు నుంచి వైరు ఇచ్చిన పక్కింటివాళ్లు ఇక తమవల్ల కాదన్నారు.

అందుకే భర్త ఓదెలునూ, అతని ఆక్సిజన్ మిషన్‌నూ ఆటోలో వేసుకొని పక్క వీధిలో పాత కార్లు అమ్మే సదానందం షెడ్డుకు వచ్చింది. అన్నిటికన్నా చవకైన కారులో భర్తను కూర్చోబెట్టి, మిషన్ ప్లగ్గు పెట్టింది. మిషన్ గుర్రుమంది.

“ఒక్క రౌండు కొట్టి చూడక్కా,” అన్నాడు సదానందం.

“నాకు చక్రాలతోటి పనిలేదు తమ్మీ. తెల్లారేదాక ఈ మిషన్ ఆగకుంట నడుస్తదా?”

“పాత బ్యాటరీ అక్కా. మిషనన్న నడుస్తది, బండన్న నడుస్తది. రెండూ అంటే కాదు.”

“మరి దవాఖానకు పోవాల్సొస్తే?” లోపలినుంచి ఓదెలు రొప్పుతూ అడిగాడు.

“ముందుగాల ఊపిరాడాలె గద!” అని కసిరింది సారక్క. మెడలోని గొలుసు తీసి సదానందం చేతిలో పెట్టింది.

అతను ఆనవాయితీగా నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. “ఇగ ముందలికి పోనియ్యక్కా.”

ఇంటిదాకా నడిపితే ఆ మేరకు రాత్రికి మిగిలే చార్జింగు తరిగిపోతుంది. సారక్క భర్తను స్టీరింగు పట్టుకోమని, కొంగు నడుముకు బిగించి, కారు వెనక్కి వెళ్లి రెండు చేతులా నెట్టింది. నిమ్మకాయలు చితికాయి. తన బరువన్నా తగ్గుతుందేమోనని లోపల ఓదెలు ఊపిరి బిగబట్టాడు.