ఒక్క తెల్లసుద్ద

ఆటసామాన్ల గదికి లోపలినుంచి గడియ పడింది. చాపల కట్ట మీద కూర్చోబెట్టిన బక్కోడు తలెత్తలేదు. వాడి ముందు అగ్గిపుల్లల వంతెన ఉంది. మూడు నెలలు కూర్చుని కట్టాడు. తెల్లవారితే అది పోటీకి వెళ్ళాలి.

"వీడు హెడ్మాస్టర్ గదిలోంచి రావడం నా కళ్ళారా చూశాను. చెప్పింది వీడే," అన్నాడు కెప్టెన్.

"నేనేం చెప్పలేదురా," అన్నాడు బక్కోడు. ఒక్కసారే అన్నాడు.

కెప్టెన్, బక్కోడు, మైకుగాడు, లెక్కల టీచరు కూతురు, నలుగురూ పదో తరగతే. టీచర్లు చూసీచూడనట్టు వదిలేసిన తప్పులకి వీళ్ళు చాటుగా శిక్షలు వేసేవాళ్ళు. చిన్నపిల్లల్ని ఏడిపించినవాడి బూట్లు నీళ్ళ ట్యాంకులో తేలేవి. అమ్మాయిల మీద గోడరాతలు రాసినవాడి జుట్టుకి కత్తెర పడేది. కిందటివారం శ్రుతి మించింది. వీళ్ళు తాళం వేసి బంధించిన కుర్రాడు కిటికీలోంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. సంగతి హెడ్మాస్టరు చెవిన పడింది. నలుగురి ఇళ్ళకీ పిలుపు వెళ్ళింది.

లెక్కల టీచరు కూతురు తలుపు గడియ వంకే చూస్తోంది. చెప్పింది తనే మరి. ఆ కుర్రాడి కాలికట్టు చూసొచ్చాక అన్నం సయించక, టీచరైన అమ్మ ముందు అంతా కక్కేసింది; అమ్మ దాన్ని హెడ్మాస్టరు దాకా తీసుకెళ్ళింది.

వీళ్ళ న్యాయానికి ఓ పద్ధతుంది. తీర్పు చెప్పేవాళ్ళకి తలో తెల్లసుద్ద, తలో ఎర్రసుద్ద. ఏదో ఒకటి గుప్పిట్లో దాచి డస్టర్ల పెట్టెలో వెయ్యాలి. అన్నీ ఎర్రవైతేనే శిక్ష. ఒక్క తెల్లది పడినా ముద్దాయి ఇంటికి పోవచ్చు.

పెట్టె ఆమె ముందుకొచ్చింది. తెల్లది వేస్తే, వీణ్ణి వెనకేసుకొచ్చిందెవరని ఆరా మొదలవుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది. అయినా మైకుగాడున్నాడుగా. గొంతే పెద్దది, మనసు వెన్న. బక్కోడితో ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. వాడు తెల్లది వేసి తీరతాడు. ఆ భరోసాతో ఆమె ఎర్రది వదిలింది.

కెప్టెన్ పెట్టె బోర్లించాడు. మూడూ ఎర్రవే.

మైకుగాడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. కెప్టెన్ కూడా బక్కోడి ముఖం చూడలేకపోయాడు.

"తొక్కెయ్," అన్నాడు, ఎటో చూస్తూ.

బక్కోడు ముగ్గురినీ వరసగా చూశాడు. తర్వాత వంతెన మీద కాలు పెట్టాడు.

ఆమె ఇంటికెళ్ళి మంచం మీద బోర్లా పడింది. ఆ పుల్లలు విరిగిన చప్పుడు చెవుల్ని వదలడం లేదు. ఒక్క సుద్దముక్కతో ఆగిపోయేదాన్ని ఆపలేదు. ఇంతకన్నా పాపం ఇంకేముంటుంది? హెడ్మాస్టరుతో మాట్లాడి అమ్మ ఇంటికి వచ్చేసరికి దిండు తడిసిపోయి ఉంది. చెప్పింది తనైతే శిక్ష ఇంకొకరికి పడిందని, వాడి ముఖం ఇక జన్మలో చూడలేనని వెక్కుతూ చెప్పింది.

అమ్మ పక్కన కూర్చుని కూతురి తల నిమిరింది.

"నువ్వొక్కదానివే చెప్పావనుకున్నావా?" అంది. "మిగతా ఇద్దరూ ఎవరికి వాళ్ళు చాటుగా వెళ్ళి హెడ్మాస్టరు చెవిన వేశారట, గదిలోకి పిలిపించి ఎంత గద్దించినా మీ గురించి నోరు విప్పనిది ఆ బక్కపిల్లాడొక్కడేనట."