ఫ్రెండ్ అప్పు

"అప్పు నాది కాదండీ, నా ఫ్రెండ్‌ది" అన్నాడు జగన్మోహన్, కుర్చీలో ఇంకా పూర్తిగా కూర్చోకుండానే.

బల్లకి అవతల కూర్చున్న మిసెస్ కొవాల్స్కీ తలూపింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. నోవై అనే ఊళ్ళో ఒక చర్చి బేస్‌మెంట్‌లో వారానికి రెండు రోజులు కూర్చుని, ఆదాయం తక్కువున్న కుటుంబాలకి అప్పుల్లోంచి బయటపడే దారి చెబుతుంది. ఫీజు లేదు. కాఫీ కూడా ఊరికే ఇస్తారు.

"మరి మీ ఫ్రెండ్ రాలేదేం?"

"అతను చాలా బిజీ."

ఆ బిజీ ఫ్రెండ్ కూడా జగన్మోహనే. ఆ సంగతి ఒప్పుకోడానికా మరి, సూటూ టై వేసుకుని, కారు రెండు వీధుల అవతల పార్క్ చేసి, డిసెంబర్ మంచులో బూట్లు తడుపుకుంటూ నడిచొచ్చింది? పంతొమ్మిది వందల ఎనభై రెండులో నోవై చుట్టుపక్కల తెలుగువాళ్ళవి పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళకీ కళ్ళున్నాయి, ఫోన్లున్నాయి.

"ఏం చేస్తుంటాడు మీ ఫ్రెండ్?"

"ఆటోమొబైల్ లైన్‌లో ఉన్నాడు."

అబద్ధం కాదు. మార్చిలో కంపెనీ లేఆఫ్ చేసేదాకా కార్ల బంపర్లకి డిజైన్లు గీసేవాడు. ఇప్పుడు కార్ వాష్‌లో బంపర్లు తుడుస్తున్నాడు. లైన్ మారలేదు. గంటకి మూడు డాలర్ల ముప్ఫై అయిదు సెంట్లు. రోడ్డు మీద చల్లే ఉప్పు కార్లకి పట్టడం వల్ల చలికాలంలో గిరాకీ బాగుంటుంది. వేళ్ళు మాత్రం పగులుతాయి.

మిసెస్ కొవాల్స్కీ ఆ వేళ్ళ వంక ఒకసారి చూసి మళ్ళీ కాగితం వంక చూసింది.

"ఆ డబ్బుతో ఇల్లు గడుస్తోందా?"

"గడవదు. అందుకని పదిహేను రోజులకోసారి క్రెడిట్ కార్డ్ మీద క్యాష్ తీసి, జీతం వచ్చిందని వాళ్ళావిడ చేతిలో పెడతాడు."

ఆవిడ పెన్ను ఆగింది. "అంటే తన జీతం తనే ఇచ్చుకుంటున్నాడా?"

"ఒక రకంగా అంతే."

"అప్పు చేసి?"

"జులైలో ఇంక్రిమెంట్ కూడా ఇచ్చుకున్నాడు. ఈ ఏడు ఇంకా పెంచలేదేమండీ అని వాళ్ళావిడ అడిగింది."

"చాలా ఉదారమైన యజమాని" అంది మిసెస్ కొవాల్స్కీ, నవ్వకుండా రాసుకుంటూ. "మొత్తం ఎంతయింది?"

"మూడు కార్డుల మీద నాలుగు వేల ఎనిమిది వందలు. అది కాక కారు లోన్ రెండు నెలలు కట్టలేదు. ఈ శుక్రవారం లోపల కట్టకపోతే బండి తీసుకుపోతామని బ్యాంకు వాళ్ళు ఉత్తరం రాశారు. కారు పోతే ఆ పనికి కూడా వెళ్ళలేను." ఒక క్షణం ఆగి, "లేడు" అని దిద్దుకున్నాడు.

ఆవిడ ఒక పట్టిక తీసి, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత అని వేలితో గీత వెంట వెళ్ళింది. "మీ ఫ్రెండ్‌కి మా సాయం దొరుకుతుంది. ఏ అనుమానమూ లేదు, పేదవాడే."

జగన్మోహన్ ఛాతీ కొద్దిగా పొంగింది. తొమ్మిది నెలలుగా అప్లై చేసిన ప్రతిచోటా తిప్పిపంపేశారు మరి. ఇక్కడ మొదటిసారే సెలెక్ట్ అయ్యాడు. దేనికి సెలెక్ట్ అయ్యాడో తర్వాత తట్టింది.

"అతని భార్యకి ఇవన్నీ తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు కూడా. ఉత్తరాలవీ అతనే చూసుకుంటాడు. ఆవిడ వట్టి అమాయకురాలండీ. పొద్దున్నే లంచ్ బాక్స్ కట్టి, టై సరిచేసి, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యండి అని చెప్పి పంపిస్తుంది. ఆ మొహం చూసి ఎలా చెబుతాను?" గొంతు సవరించుకున్నాడు. "ఎలా చెబుతాను అంటాడతను."

"చెబితే ఏమవుతుంది?"

"తట్టుకోలేదు. ఇలాంటివి మోసే గుండె కాదు ఆవిడది. అదృష్టం కొద్దీ అతనే అన్నీ మోస్తున్నాడు."

ఆ మోస్తున్నవాడి మీద జగన్మోహన్‌కి నిజంగానే గౌరవం కలిగింది.

"సరే, ఆ కార్డుల నంబర్లు తెచ్చారా?"

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది. లేచి వెళ్ళి, బీరువా సొరుగు లాగి ఒక ఫైలు తెచ్చి, కాగితం పక్కన పెట్టుకుని నంబర్లు ఒక్కొక్కటే పోల్చింది. జగన్మోహన్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఏమైనా తేడా ఉందాండీ?"

"ఏమీ లేదు. మీ ఫ్రెండ్ అదృష్టవంతుడు. పోయిన గురువారం ఒకావిడ ఇవే నంబర్లు తెచ్చింది. మీలాగే ఆవిడా ఫ్రెండ్ కోసమే వచ్చింది. కారు బ్యాంకుతో మాట్లాడాను, ఫిబ్రవరి దాకా ఆగుతారు. కార్డుల వాళ్ళకి మొదటి నెల వాయిదా కూడా కట్టేసింది. ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకుని సంపాదించిన డబ్బట."

జగన్మోహన్ చెయ్యి తన టై ముడి మీదికి వెళ్ళింది.

"భర్త ఉద్యోగం పోయిందని ఆవిడ ఫ్రెండ్‌కి మార్చిలోనే, ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు తెలిసిపోయిందట. తనకి తెలుసని తెలిస్తే పాపం భర్త తట్టుకోలేడట. జీతం పెంచలేదేమని అడిగింది కూడా ఆయనకి అనుమానం రాకూడదనేనట. ఆయనకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది." మిసెస్ కొవాల్స్కీ ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, అతని వైపు చూసింది. "మీరు ఆయన కాదు కాబట్టి చెబుతున్నాను."