కుట్టిన చెవులు

చెరువుల నీళ్ళలో క్రిముల్ని పరీక్షించే పని మీద వారం రోజులు కొల్లేరు చుట్టూ తిరిగి, సుభాషిణి ఇల్లు చేరింది. ఏడాది కూతురి చెవులకి బంగారు పోగులు మెరుస్తున్నాయి. సంచి గుమ్మంలోనే వదిలేసి పాప దగ్గరికి పరిగెత్తింది.

ఆ ప్రాంతంలో చెవులు కుట్టడం మానేసి ఒక తరం దాటింది. చేపముల్లు గుచ్చుకున్నా మనిషి దక్కని రోజులవి. పిల్లలకి పోగులు జిగురుతో అంటిస్తారు.

“ఆడపిల్లని బోసి చెవులతో ఎన్నాళ్ళుంచుతాం? సూది మరగబెట్టే కుట్టానమ్మాయ్,” అంది అత్తగారు మంగతాయారు.

సుభాషిణి పోగు పక్కకి జరిపింది. తమ్మె ఎర్రగా వాచి కాలిపోతోంది. అది చూసి ముసలామె కంగారుగా దగ్గరికి జరిగింది.

“మన చెరువులో చేపలకి బస్తాలు బస్తాలు పోశాం కదమ్మా ఆ యాంటీబయాటిక్ మందు. పసిదానికి చిటికెడు మిగల్లేదా?”

“మందుకేం, షాపు నిండా ఉందత్తయ్యా. దాన్ని తట్టుకునే గుణం చేపల క్రిముల నుంచి మన క్రిములకి పాకింది. ఇప్పుడు ఆ మందుకి ఏదీ చావదు.”

మంగతాయారు మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుని, చెవి మీద ఉఫ్ ఉఫ్ మని ఊదసాగింది. చక్కిలిగిలికి పాప కిలకిలా నవ్వింది.

ఊదొద్దని చెప్పబోయి సుభాషిణి ఆగిపోయింది. అంతకు మించిన వైద్యం తన దగ్గరా లేదు.