గాటు లేని మద్దిచెట్టు

అడవిలో చలిజ్వరం అన్న మాటే వినపడకూడదని మంత్రి నక్క ఒక పద్ధతి పెట్టింది. జ్వరమొచ్చిన జంతువు గుట్ట మీది మద్దిచెట్టు దగ్గరికొచ్చి చెప్పుకోవాలి. వడ్రంగిపిట్ట చెట్టు మీద ఒక గాటు పెట్టాలి. గాటు పడితే ఏనుగులు వెళ్ళి, ఆ జంతువు ఉండే చోట దోమల మడుగును పూడ్చేస్తాయి. పద్ధతి పెట్టినవాళ్ళెవరికీ అప్పటికి జ్వరం లేదు.

వారం గడిచినా ఒక్కరూ రాలేదు. వడ్రంగిపిట్టకి అనుమానమొచ్చి పల్లంలోకి ఎగిరి చూసింది. దుప్పులన్నీ వరసగా పడుకుని వణుకుతున్నాయి.

"గుట్ట ఎక్కే ఓపికే ఉంటే ఇలా ఎందుకు పడుంటాం తల్లీ?" అంది ముసలి దుప్పి.

పిట్ట గబగబా తిరిగొచ్చి పదకొండు గాట్లు పెట్టింది. నక్క మండిపడింది.

"రోగి రాకుండా గాటేమిటే? ఇలాగైతే నా పద్ధతి ఏం కావాలి?" అంటూ ఆ గాట్లన్నిటికీ బంకమట్టి మెత్తించింది.

అయినా పిట్ట రోజూ పల్లానికి వెళ్ళొస్తూనే ఉంది. చివరికి దానికీ దోమ కుట్టింది. మద్దిచెట్టు తొర్రలోనే ముడుచుకుని వణుకుతుంటే, కింద డప్పులు మోగాయి. నెల్లాళ్ళుగా చెట్టు మీద గాటు లేదట, జ్వరం పోయిందట, పండగట!

"మన వడ్రంగిపిట్టకి సన్మానం చెయ్యాలి, పిలవండి," అంది నక్క.

పిట్ట నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు.

"పాపం, గాట్లు పెట్టే పని లేక హాయిగా నిద్రపోతున్నట్టుంది. లేపకండి," అని నక్క సన్మానానికి తెచ్చిన పూలదండ చెట్టుకే వేయించింది.